బడి పంటు మీద ఎర్రగీతలు

బడి రోజు 61

పాత పుస్తకం తడిసి ముద్దయింది, అందుకని మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవలసి వస్తోంది. నా పేరు మావుళ్ళమ్మ. బడి పంటు మీద రసమట్టం చూసే పని నాది. మూడో తరగతి దాకా చదివాను. అక్షరాలు కుదురుగా రావు, చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఎగువన, నీళ్ళెక్కని గట్టు మీద ఉండే ఆఫీసువాళ్ళు ఈ పుస్తకం ఇచ్చారు. పిల్లలకు పాఠం చెప్పేది గోడ మేష్టారు. గోడలోంచి మాట వస్తుంది, బొమ్మ వస్తుంది, కానీ ఆయన కన్ను ఉప్పుగాలికి మసకబారిపోయింది. ఎవరు లేచారో ఎవరు కూర్చున్నారో ఆయనకు తెలియదు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళంతా సముద్రపు నాచు కోతకు పోతారు కాబట్టి ఆ చూసే పని నా మీద పడింది.

బడి అంటే నీలం పీపాల మీద పలకలు పరిచి కట్టిన పంటు. ఇరవై ఆరుగురు పిల్లలు. సోమవారం సోమవారం చేపల కాటా మీద వాళ్ళని తూస్తాం. బరువున్నవాళ్ళు నడుమ, తేలికవాళ్ళు అంచున. అంచున ఉన్నవాళ్ళు కదిలితేనే పంటు ఎక్కువ ఒరుగుతుంది, అందుకని అక్కడ తేలిక పిల్లలే ఉండాలి. పంట్ల మీద బళ్ళు పెట్టినప్పటినుంచీ ఇదే పద్ధతి. నేను నడిమి స్తంభానికి ఆనుకుని కూర్చుంటాను. ఎదురుగా రసమట్టం. తాపీవాళ్ళు గోడ మట్టం చూసుకునే గాజు గొట్టం లాంటిదే, కాస్త పెద్దది. అందులో బుడగ ఎర్రగీత దాటిందా, గోడ మేష్టారు పాఠం ఆపేస్తారు. పంటు మళ్ళీ నిలబడి, ఎవరివల్ల ఒరిగిందో నేను పేరు చెప్పి, ఆయన మళ్ళీ మొదలుపెట్టేసరికి ఇరవై నిమిషాలు పోతాయి. రోజుకు పాఠానికి ఉన్నదే రెండున్నర గంటల కరెంటు.

ఇవాళ సంగతులు. తాళ్ళు నాలుగుసార్లు చూసుకున్నాను. పడమటి మూల తాడు నానినట్టుంది, తెగుతుందేమోనని భయం. జ్యోతిర్మయికి దగ్గు. తొమ్మిదీ నలభైకి నాచు లాంచీ వెళ్ళింది. ఆ తర్వాత కాసేపటికి నూకరత్నం తూర్పు అంచున ఉన్న తన చాప మీదనుంచి లేచి నడుమకు పరిగెత్తింది. మిగతావాళ్ళు నవ్వుతూ ఆమె వెనకే లేచారు. బుడగ గీత దాటింది.

"ఎనిమిదో ఎక్కం ఆపబడింది. కారకుల పేరు చెప్పండి," అన్నారు గోడ మేష్టారు.

చెప్పాను. పేరు చెబితే ఆ పిల్ల లెక్కలో ఒక గీత పడుతుంది, నూకరత్నానికి ఇది అయిదోది.

ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. పదిహేడు కిలోలు, బడి మొత్తంలో అందరికన్నా తేలిక. కిందటేడు ఉప్పు మోసే పంటు తిరగబడి అమ్మా నాన్నా పోయాక మేనత్త వరహాలు దగ్గరకు వచ్చింది. ఒక పిల్ల పేరు మీద పది గీతలు పడితే గట్టు బడికి తీసుకుపోతారు. తొంభయ్యో రోజున టర్ము అయిపోతుంది, అప్పుడు అందరి గీతలూ చెరిపేస్తారు. ఇంకా ఇరవై తొమ్మిది రోజులు. ఎలా గడుస్తాయో.

గట్టు బడిలో చేతికి కుదురు పట్టీ వేస్తారు. మా ఇళ్ళూ పంట్ల మీదే, మూడో పంటులో ఉండే చంద్రం నాలుగేళ్ళు అక్కడుండి వచ్చాడు. కూర్చోమంటే కూర్చుంటాడు. మళ్ళీ లెమ్మనేదాకా లేవడు. వాళ్ళమ్మ పొద్దున్నే లెమ్మని చెప్పి పనికి పోతుంది.

బడి రోజు 62

లాంచీ రాలేదు. ఎక్కాలు తొమ్మిది దాకా అయ్యాయి. ఎవరూ లేవలేదు. జ్యోతిర్మయి దగ్గు తగ్గలేదు. వాళ్ళమ్మతో చెప్పాలి, మరిచిపోతానేమో.

బడి రోజు 63

తొమ్మిదిన్నరకు లాంచీ, నిండా లోడుతో వెళ్ళింది. ఆ వెంటనే తూర్పు అంచున కేకలు. చూస్తే చాపల మధ్య గుప్పెడంత పీత. అంచున ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి నడుమకొచ్చి పడ్డారు, నా ఒళ్ళో ఇద్దరు. నా మోకాలు ఇంకా సలుపుతోంది. పీతను గౌను అంచున మూటకట్టుకొచ్చింది నూకరత్నమే.

"పీతనెందుకు తెచ్చావే?"

"అది కూడా సదువుకుంటానంది మామ్మా."

"పాఠం పోయింది చూడు!"

"నేను పీతని తెచ్చేను, ఆళ్ళని పరిగెట్టమన్నానా? పరిగెట్టినోళ్ళ పేర్లు రాయి. లేపోతే పీత పేరు రాయి."

పిల్లలందరూ పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కానీ కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆరో గీత. నవ్వినందుకు దిగులేసింది.

బడి రోజు 64, 65

లాంచీ లేదు. గీత లేదు. పడమటి తాడు మార్చమని పంటు కట్టే తాతాజీకి చెప్పాను. "నువ్వు రోజుకో తాడు తెగుద్దంటావు మామ్మా," అన్నాడు. తెగితే అప్పుడు తెలుస్తుంది.

ఆఫీసునుంచి మాట వచ్చింది. అనవసరమైనవి రాయవద్దట, దగ్గులూ లాంచీలూ వాళ్ళకు అక్కర్లేదట. ఏది అవసరమో నాకెలా తెలుస్తుంది? చూసిందంతా రాస్తేనే నా మనసు ఊరుకుంటుంది.

బడి రోజు 66

కాస్త పెద్దరికం ఇస్తే కుదురొస్తుందేమోనని నూకరత్నానికి రాసుకునే పలకలు పంచే పని ఇచ్చాను. ఎంత చక్కగా పంచిందో. ఒక్కొక్కళ్ళకీ గౌనుతో తుడిచి మరీ ఇచ్చింది. ప్రాణం కుదుటపడింది. గంటసేపు కదలలేదు. లాంచీ ఇవాళ ఆలస్యంగా, పదీ పదికి వెళ్ళింది. అది వెళ్ళిన కాసేపటికి ఆ పిల్ల పలక విసిరికొట్టి, "నేనీ లెక్కలు సెయ్యను!" అని అరుచుకుంటూ నడుమకు వచ్చి నా స్తంభాన్ని పట్టుకుంది. బుడగ దాటింది.

"కారకుల పేరు చెప్పండి."

ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి. ఇప్పటికే ఆరు గీతలు. నా నోరు దానంతట అదే, "గాలి," అంది.

"నమోదైంది. కారణం, గాలి."

చాప మీదకు తిరిగి వెళుతూ నూకరత్నం నన్ను వింతగా చూసింది.

బడి రోజు 67

రాత్రంతా కన్ను మూతపడలేదు. నేననుకున్నంతా అయింది. పొద్దున్న పాఠానికి ముందే గోడ మేష్టారు పిల్లలందరి ముందూ చెప్పారు. "వాతావరణ లెక్క ప్రకారం నిన్న పదింబావుకు గాలి లేదు. నమోదు తప్పు. కారకుల పేరు చెప్పండి."

చెప్పక ఏం చేయను?

"నూకరత్నానికి ఏడో గీత. తప్పు నమోదు వల్ల లాభపడినందుకు ఎనిమిదో గీత."

"అదేం న్యాయమండీ? తప్పు నాది కదా?" అని లేచి నిలబడ్డాను.

"గీతలు విద్యార్థులకు మాత్రమే ఉంటాయి. కూర్చోండి."

ఎనిమిదోది నేను వేసిన గీత. సాయం చేయబోయి ఆ పిల్లను గట్టు దగ్గరికి ఒక అడుగు తోశాను.

బడి రోజు 70

మళ్ళీ లోడు లాంచీ. తర్వాత నూకరత్నం పక్క చాప మీదున్న జ్యోతిర్మయి జడ పట్టుకుని నడుమదాకా ఈడ్చుకొచ్చింది. జ్యోతిర్మయి మోచేయి గీరుకుంది. తొమ్మిదో గీత.

జ్యోతిర్మయి తాతాజీ కూతురే. సాయంత్రం ఆ పిల్లను వెంటబెట్టుకుని తాతాజీ వచ్చాడు. వాకిట్లోంచే అరుపులు.

"మామ్మా! నీ రసమట్టమూ నువ్వూ! నా కూతురు వచ్చే ఏడు పెద్దబడి పరీక్ష రాయాలి. ఆ కోతిపిల్ల మూలంగా తొమ్మిదో ఎక్కం దాటలేదు. ఇంకొక్క గీత వెయ్యి, పీడ వదిలిపోద్ది."

"తల్లీదండ్రీ లేని పిల్ల తాతాజీ..."

"లేపోతే? అందరి పిల్లల సదువూ ఎత్తుకుపోద్దా? నువ్వు గాలి అని రాసినప్పుడే అనుకున్నాను, నీకు దానిమీద మమకారమని. నా కూతురి మీద లేదా?"

అతనన్నదాంట్లో తప్పేముంది? ఇరవై అయిదుగురు పిల్లలు వారానికి రెండుసార్లు పాఠం పోగొట్టుకుంటున్నారు. వాళ్ళకు మాత్రం ఎవరున్నారు?

జ్యోతిర్మయి మోచేయి ఊదుకుంటూ, "ఈడ్చేటప్పుడు కొట్టలేదు నాన్నా. రా, రావే, రా, అంటానే ఉంది," అంది.

"నువ్వు నోర్ముయ్," అన్నాడు తాతాజీ.

బడి రోజు కాదు, ఆదివారం

వరహాలు నాచు ఆరబెడుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. తనకు వీపు నొప్పి, నాకు మోకాళ్ళు. ఇద్దరం కాసేపు మూలుక్కున్నాం.

"బెదిరించేను మామ్మా, బుజ్జగించేను. ఒక దెబ్బ కూడా ఏసేను, ఏసి నేనే ఏడ్చేను. ఎందుకు లెగుస్తున్నావే అంటే ఒకసారి పురుగంటాది, ఒకసారి లెక్కలంటాది. ఇంట్లో బంగారం. అన్నం తిని గిన్నె కడుక్కుంటాది, గది నడిమధ్యన చాపేసుకుని పడుకుంటాది. గోడవార జాగా ఉందే అన్నా పోదు."

"నడిమధ్యనా?"

"ఆయ్. కాళ్ళకి అడ్డమని నేను తిడతానే ఉంటాను."

ఇంటికి వచ్చి ఈ పుస్తకం మొదటినుంచి చదువుకున్నాను. నా రాత నాకే సరిగ్గా తెలియదు, వేలు పెట్టుకుని చదవాలి. అరవై ఒకటి, లాంచీ, గీత. అరవై రెండు, లాంచీ లేదు, గీత లేదు. అరవై మూడు, లాంచీ, పీత. అరవై ఆరున లాంచీ ఆలస్యం, ఆ పిల్ల కూడా ఆలస్యం. డెబ్భై, లాంచీ, జడ. లాంచీ పోయిన కాసేపటికి అల వచ్చి తూర్పు అంచుకు కొడుతుంది. నడుమ కూర్చున్న నాకు అది తెలియదు. అంచున ఉన్నవాళ్ళకు చాప కింద పలక లేస్తుంది, సందులోంచి నీళ్ళు చిమ్ముతాయి.

ఉప్పు పంటు తిరగబడ్డ రాత్రంతా పీపా పట్టుకుని తేలిన పిల్ల అది. ఈ సంగతి మాకందరికీ తెలుసు. పొద్దున్న దాన్ని నీళ్ళలోంచి తీసిన వాళ్ళలో తాతాజీ కూడా ఉన్నాడు. తెలిసీ కాటా మీద నిలబెట్టి, పదిహేడు అని చూసి, తీసుకుపోయి నీళ్ళ పక్కన కూర్చోబెట్టాం. అంత బుద్ధి ఉన్నవాళ్ళం. నేనైతే నా చేత్తోనే ఆ చాప వేశాను.

పీతను వదిలింది అంచు మీదున్న వాళ్ళందరినీ లోపలికి తోలడానికి. జ్యోతిర్మయిని లాగింది కొట్టడానికి కాదు. భయమంటే తెలియని వాళ్ళు పోల్చుకోలేదంటే సరే. పొద్దున లేస్తే భయపడే నాకు ఎందుకు తెలియలేదు?

బడి రోజు 71

నూకరత్నం చాప నడుమకు మార్చమని గోడ మేష్టారిని అడిగాను.

"కుదరదు. తూకం పట్టిక ప్రకారం పదిహేడు కిలోల విద్యార్థి తూర్పు అంచు."

"ఆ పిల్లకి నీళ్ళంటే భయమండీ."

"పట్టికలో భయం గడి లేదు."

"పోనీ పంటు మట్టం చెడకుండా నేను చూసుకుంటే?"

కాసేపు గోడ గుర్రుమంది. "మట్టంగా ఉంటే నాకు అభ్యంతరం లేదు."

పిల్లల్లో ఎవరిని ఆ అంచుకు పంపినా రేపు వాళ్ళమ్మ వస్తుంది. నడుమ ఖాళీ అయ్యే చోటు ఒక్కటే ఉంది, అది నాది. నాకు ఈత రాదు. యాభై ఏళ్ళుగా నీళ్ళ మీద ఉంటున్నాను, ఒక్కనాడూ అంచుకు పోలేదు.

సాయంత్రం తాతాజీ ఇంటికి వెళ్ళాను. పుస్తకం విప్పి వేలు పెట్టి చదివి వినిపించాను. పడవ తాడు పేనుతూ విన్నాడు. లాంచీ, గీత, లాంచీ, గీత అని నాలుగోసారి చదివేసరికి అతని చెయ్యి ఆగింది.

"దాన్ని నీళ్ళలోంచి తీసింది నేనే కదా మామ్మా," అన్నాడు. "పీపా మీంచి దాని సేతేళ్ళు ఊడదియ్యలేక సచ్చేను." తాడు పక్కన పడేశాడు. తర్వాత, "నీ బరువెంత?" అన్నాడు.

"ముప్పై తొమ్మిది."

"పిల్ల పదిహేడు. అంటే తూర్పున ఇరవై రెండు ఎక్కువవుద్ది. పడమట పదకొండేసి లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు కడతాను. నువ్వు కదలకుండా కూకోగలవా?"

"ఏమో."

"ఏమో అంటే కుదరదు మామ్మా. నీ బరువున్న మనిషి అంచున లెగిస్తే పిల్ల లెగిసినట్టు కాదు."

బడి రోజు 72

ఈ పేజీ తూర్పు అంచున కూర్చుని రాస్తున్నాను, గీతలు వంకరపోతే క్షమించాలి. పలకల సందులోంచి నీళ్ళు కనపడుతున్నాయి. నల్లగా ఉన్నాయి.

నూకరత్నం స్తంభానికి ఆనుకుని కూర్చుంది. బుడగ చూసే పని ఇప్పుడు తనది. ఎటు జరిగితే అటు నాకు కేక వేసి చెప్పాలి. పేర్లు చెప్పడం మాత్రం నాదే.

"పంటు ఊగినా బుడగ ఎర్రగీత లోపల ఉన్నంతసేపూ తిరగబడదు. తెలిసిందా?" అన్నాను.

"నీకెవరు సెప్పేరు?"

"తాతాజీ."

"ఆయన కట్టిన తాడు తెగుద్దని నువ్వేగా అంటావు?"

మెడ చాచి పడమటి తాడు వైపు చూశాను.

లాంచీ వచ్చింది. అల కొట్టింది. నా చాప కింద పలక లేచి పడింది. నా నోట్లోంచి అమ్మా అని వచ్చింది. అక్కడ ఆ పిల్ల స్తంభాన్ని రెండు చేతులా కావలించుకుని, కళ్ళు విప్పార్చుకుని బుడగనే చూసింది. లేవలేదు. గీత పడలేదు.

బడి రోజు 75

లాంచీ. గీత లేదు. పదకొండో ఎక్కం. నడుము పట్టేసింది.

బడి రోజు 79

పిల్లలు నన్ను ఏడిపిస్తున్నారు. "మామ్మా, నీ చాప కింద సొరచేప తిరుగుతుంది," అని ఒకడు. నేను నిజంగా తొంగి చూశాను. నవ్వులు. జ్యోతిర్మయి నా పక్క చాపే కదా, లాంచీ వచ్చే వేళకు తనంతట తానే నా కొంగు పట్టుకుంటోంది. నాకు ధైర్యం చెప్పడానికో, తనకు కావాలనో అడగలేదు.

బడి రోజు 84

నూకరత్నం ఇవాళ లాంచీకి ముందే, "అల వత్తంది, అందరూ పలకలు పట్టుకోండి," అని కేకేసింది. గోడ మేష్టారు పాఠం మధ్యలో మాట్లాడవద్దన్నారు. "మీకు కళ్ళు కనపడవు కదండీ, అందుకే సెప్పేను," అంది. గోడ మేష్టారు పాఠం అందుకున్నారు.

ఆరు రోజులు. ఒక్కటి పడినా పది. నిద్రలో కూడా బుడగే కనిపిస్తోంది.

బడి రోజు 90

టర్ములో చివరి రోజు. తాళ్ళు ఏడుసార్లు చూశాను. వరహాలు పనికి పోకుండా వచ్చి ఒడ్డు పంటు మీద నిలబడింది. తాతాజీ నీళ్ళ డబ్బాల కట్లు సరిచూసి, అక్కడే తచ్చాడుతున్నాడు.

పదమూడో ఎక్కం సగంలో ఉండగా లాంచీ వచ్చింది. ఇవాళ ఒకటి కాదు, టర్ము సెలవులకు ముందు మిగిలిన సరుకంతా ఎక్కించుకుని రెండు లాంచీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటి అలకు ఓర్చుకున్నాను. పలక దిగకముందే రెండోది వచ్చింది. నీళ్ళు చాప మీదకెక్కి నా కాళ్ళు తడిశాయి. చల్లగా తగిలాయి. అంతే, నాకు ఇంకేమీ గుర్తు లేదు. చూసుకునేసరికి నేను నిలబడి ఉన్నాను. నడుమకు మూడడుగులు వేసేశాను. తూర్పు అంచు పైకి లేచింది, పిల్లలు పలకలతో సహా పడమటికి జారారు, గోడ మేష్టారి మాట ఠక్కున ఆగింది.

ఒడ్డున వరహాలు రెండు చేతులతో నోరు మూసుకుంది.

నూకరత్నం స్తంభం దగ్గరే ఉంది. రెండు కాళ్ళూ స్తంభం చుట్టూ మెలేసి, కళ్ళు గట్టిగా మూసుకుని. చాప మీదనుంచి వేలెడు కూడా కదల్లేదు.

"పదమూడో ఎక్కం ఆపబడింది. కారకుల పేరు చెప్పండి."

"మావుళ్ళమ్మ," అన్నాను. గోడకు వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా చెప్పాను. "మావుళ్ళమ్మ."

"ఆ పేరు విద్యార్థుల పట్టికలో లేదు. విద్యార్థి పేరు చెప్పండి."

"పట్టికలో లేకపోతే చేర్చండి. మూడో తరగతి దాకా చదివాను, నాలుగులో వేసుకోండి. ముప్పై తొమ్మిది కిలోలు, తూర్పు అంచు. లేచింది నేనే. ఇవాళ గాలి అనను, ఇంకెవరి పేరూ చెప్పను."

గోడ చాలాసేపు గుర్రుమంది. నేను నడుమా కాక అంచూ కాక అలాగే నిలబడిపోయాను.

"చేర్చబడింది. మావుళ్ళమ్మ, నాలుగో తరగతి. మొదటి గీత."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత బడంతా ఒక్కటే నవ్వు. తాతాజీ అటు తిరిగి తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

నూకరత్నం ఒక కన్ను తెరిచి బుడగను చూసింది, తర్వాత నన్ను చూసింది. "మామ్మా, మట్టం వచ్చేసింది. ఏం కాలేదు. ఎల్లి కూకో, పాఠం పోతంది," అంది.

వెళ్ళి కూర్చున్నాను. చాప తడిగానే ఉంది. జ్యోతిర్మయి నా కొంగు పట్టుకుంది. ఇరవై నిమిషాల తర్వాత గోడ మేష్టారు పదమూడో ఎక్కం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఈసారి అందరితోపాటు నేనూ చెప్పాను, చెప్పకపోతే గీత వేస్తారేమోనని.

మధ్యాహ్నం అందరి గీతలూ చెరిపేశారు. నూకరత్నానివి తొమ్మిదీ పోయాయి. నాది మాత్రం ఆలస్యంగా చేరిన పేరు కాబట్టి వచ్చే టర్ము లెక్కలోకి పోతుందట. పోనీ. పదికి ఇంకా తొమ్మిది ఉన్నాయి.